ఎస్, ఖాళీ, ఎ, ఖాళీ, ఇ: తెలిసిన పదమే సమయానికి ఎందుకు తట్టదు?

మీ ప్రశ్న చదివాను. వర్డిల్ అంటే రోజుకో ఐదు లెటర్ల ఇంగ్లీష్ పదాన్ని ఆరు ఛాన్సుల్లో కనిపెట్టే ఆన్‌లైన్ ఆట. వర్డిల్‌లో మొదటి గడిలో ఎస్, మూడో గడిలో ఎ, ఐదో గడిలో ఇ అని తేలిపోయాయి. మిగిలింది రెండు ఖాళీలే. అయినా ఏ పదమూ తట్టక మిగతా ఛాన్సులన్నీ పోయాయి. పొద్దున్నే టెన్షన్ అయిపోతోందని, ఇంగ్లీష్ మీడియంలో చదివినా వొకాబులరీ ఇంత తక్కువా అని బాధపడ్డారు. ఐదు లెటర్ల పదాల జాబితా దొరికితే బట్టీ పట్టేస్తానన్నారు.

ముందు సమాధానం: జాబితా బట్టీ పట్టకండి. మీ వొకాబులరీ కూడా తక్కువేమీ కాదు. మీరు పదాన్ని చెవితో వెతుకుతున్నారు. ఈ ఆటలో గడులు పట్టుకుని, కంటితో, చేత్తో వెతకాలి. ఆ అలవాటు రెండు మూడు వారాల్లో వస్తుంది. నేను ప్రభుత్వ హైస్కూల్లో 22 ఏళ్ళుగా ఇంగ్లీష్ చెబుతున్నాను, స్క్రాబుల్ (లెటర్ల బిళ్ళలతో బోర్డు మీద పదాలు కట్టే ఆట) అంతకంటే ముందు నుంచే ఆడుతున్నాను. పిల్లల దగ్గరా, నాలోనూ చూసిందే ఇక్కడ చెబుతున్నాను.

మీరు ఇరుక్కున్న గడులనే తీసుకుందాం. ఒక కాగితం తీసుకుని అయిదు గడులు గీయండి. ఒకటో దాంట్లో ఎస్, మూడో దాంట్లో ఎ, ఐదో దాంట్లో ఇ వేయండి. ఇప్పుడు అర్థం ఉన్న పదం కోసం ఆలోచించకండి. రెండో గడి ఒక్కటే చూడండి. ఎస్ తర్వాత, ఎ ముందు ఏ లెటర్ కూర్చోగలదు? బి కూర్చోదు. సి కూర్చుంటుంది. డి, ఎఫ్, జి కూర్చోవు. హెచ్ కూర్చుంటుంది. ఇలా జడ్ దాకా వెళ్తే, ఈ గడుల్లో వాడుక పదం ఇచ్చేవి ఎనిమిదే: సి, హెచ్, కె, ఎల్, ఎన్, పి, టి, యు. ఇరవై ఆరు లెటర్లు ఎనిమిదికి దిగిపోయాయి. ఇక ఒక్కోదాని కింద నాలుగో గడి నింపుకుంటూ పోవాలి.

సి పెడితే స్కేల్, స్కేర్. హెచ్ పెడితే షేడ్, షేక్, షేల్, షేమ్, షేప్, షేర్, షేవ్, మొత్తం ఏడు. కె పెడితే స్కేట్. ఎల్‌కి స్లేక్, స్లేట్, స్లేవ్. ఎన్‌కి స్నేక్, స్నేర్. పి దగ్గర స్పేస్, స్పేడ్, స్పేర్, స్పేట్. టి దగ్గర స్టేజ్, స్టేక్, స్టేల్, స్టేర్, స్టేట్, స్టేవ్. యు దగ్గర ఒక్కటే, స్వావ్. దాన్ని ఎస్, యు, ఎ, వి, ఇ అని రాస్తారు.

లెక్కపెట్టండి, 26 వచ్చాయి. డిక్షనరీలో మాత్రమే కనిపించే అరుదైనవి ఇంకొన్ని ఉన్నాయి, వాటిని వదిలేశాను. ఈ 26లో స్కేల్, షేడ్, షేప్, షేర్, షేవ్, స్లేట్, స్నేక్, స్పేస్, స్పేర్, స్టేజ్, స్టేట్ మీ ఇంట్లో రోజూ వినబడే మాటలే. స్పేర్ టైర్ అనని డ్రైవర్ లేడు, స్కేలు లేని బడి సంచి లేదు. అంటే మీకు రాని పదాలు కావు ఇవి, మీరు వెతికిన చోట దొరకని పదాలు, అంతే.

ఎందుకు దొరకలేదంటే మన లిపి మనకు నేర్పిన అలవాటు వల్ల. తెలుగులో అక్షరం అంటే పలికే ముక్క. హల్లు, అచ్చు కలిసి ఒకే అక్షరం. వారపత్రికల్లో గళ్ళనుడికట్టు పూరించినవాళ్ళకి ఇది బాగా తెలుసు. అక్కడ ‘స్త్రీ’ ఒక్క గడిలో సరిపోతుంది. అదే లెక్కలో ఇంగ్లీష్ ‘క్యూ’ చూడండి, మనకి ఒక్క అక్షరం. రేషన్ షాపు ముందు నిలబడే ఆ క్యూని ఇంగ్లీష్‌లో రాస్తే క్యూ, యు, ఇ, యు, ఇ అని అయిదు లెటర్లు, అందులో నాలుగు అచ్చులు. అటు ‘ఏరియా’ మన చెవికి మూడు అక్షరాలు, ఇంగ్లీష్‌లో నాలుగు లెటర్లే. అందుకే ఐదు అక్షరాల పదం అనగానే మన మనసు పొడుగాటి మాట కోసం వెతుకుతుంది. షేప్, స్టేట్ లాంటి చిన్న మాటలు ఆ వలలో పడవు. క్లాసులో నేను ఇంగ్లీష్ వాటిని ఎప్పుడూ ‘లెటర్లు’ అనే అంటాను, ‘అక్షరాలు’ అనను. ఆ ఒక్క మార్పుకే పిల్లల్లో సగం గందరగోళం తగ్గింది.

రెండో చిక్కు, తెలుగు రాసినట్టే చదువుతాం, పలికినట్టే రాస్తాం. ఇంగ్లీష్ అలా కాదు. కొన్నేళ్ళ కిందట ఎనిమిదో తరగతిలో డిక్టేషన్ ఇస్తుంటే ఒక అమ్మాయి ‘బ్రేక్’కి బి, ఆర్, ఇ, కె అని నాలుగు లెటర్లు రాసింది. వాళ్ళ నాన్న లారీ డ్రైవర్. ఆ మాట ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి వింటోంది. తప్పని కొట్టేయకుండా బోర్డు మీద రెండు రాశాను. బి, ఆర్, ఎ, కె, ఇ అని ఒకటి. బి, ఆర్, ఇ, ఎ, కె అని ఇంకొకటి. మొదటిది లారీకి వేసేది, రెండోది గాజు పగిలితే వాడేది, ఇంటర్వెల్‌కి వాడేది. చెవికి రెండూ ఒకటే. ఆ పిల్ల కాసేపు బోర్డు వంకే చూసి, "సార్, అవే లెటర్లు, చోటు మారింది" అంది. నేను ఏళ్ళుగా చెప్పాలని తంటాలు పడుతున్న పాఠాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసింది. అప్పటి నుంచి నా క్లాసులో స్పెల్లింగ్ పాఠం ఆ వాక్యంతోనే మొదలవుతుంది.

మీ గడుల్లోనూ అదే ఉంది. స్టేక్ అంటే పందెంలో ఒడ్డేది, అది ఎస్, టి, ఎ, కె, ఇ. హోటల్లో తినే స్టేక్ వేరు, అది ఎస్, టి, ఇ, ఎ, కె. అవే అయిదు లెటర్లు ఇంకాస్త కదిపితే స్కేట్ వస్తుంది, టేక్స్ వస్తుంది, టీక్స్ కూడా వస్తుంది. టీక్ అంటే మన టేకు చెక్కే. ఆ మాట ఇంగ్లీష్ వాళ్ళది కాదు, మన దక్షిణాది భాషల నుంచి పోర్చుగీసు వాళ్ళ నోట పడి ఇంగ్లీష్‌కి చేరింది. మ్యాంగో, కర్రీ, బీటెల్, కోప్రా, అరెకా (అంటే వక్క) కూడా ఇటు నుంచి వెళ్ళినవే, అన్నీ అయిదు లెటర్లవే. పిల్లలకి ఇది చెప్పిన రోజు పుస్తకాల వెనక అట్ట మీద ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తామే వెతికి రాసుకున్నారు.

మీరు ఇరుక్కున్న చోటు మామూలు చోటు కాదని కూడా చెప్పాలి. జోష్ వార్డిల్ 2021లో ఈ ఆట జనంలోకి వదిలినప్పుడు జవాబుల జాబితాలో 2,315 పదాలున్నాయి. ఆయన భాగస్వామి పాలక్ షా వేల పదాలు కూర్చుని చూసి, మామూలు జనానికి తెలిసినవి ఏరితే మిగిలినవి అవి. వాటిలో మొదటి గడిలో ఎక్కువసార్లు వచ్చే లెటర్ ఎస్. మూడో గడిలో ఎ. ఐదో గడిలో ఇ. అంటే మీకు తేలిన మూడూ ఆయా గడుల్లో అందరికంటే ఎక్కువ మంది కూర్చునే లెటర్లు. పండగ రోజు బస్టాండులో మనిషిని వెతకడం లాంటిది మీ పని. మీ తెలివిని శంకించుకోవలసిన అవసరం లేదు.

ఇలాంటి ఇరుకులో చాలామంది చేసే తప్పు, ఒక్కో పదం వరసగా వేసుకుంటూ పోవడం. పచ్చగా తేలిన (అంటే చోటుతో సహా సరిపోయిన) లెటర్లు ఎక్కువై, సరిపోయే పదాలు కూడా ఎక్కువగా ఉన్నప్పుడు, గెలిచే పదం వేయకండి. విడగొట్టే పదం వేయండి. దీనికి మంచి ఉదాహరణ చివర ఐ, జి, హెచ్, టి ఉన్న గుంపు: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. మొత్తం ఎనిమిది, తేడా మొదటి లెటర్ ఒక్కటే. రెండో ఛాన్సుకే నాలుగు గడులు పచ్చబడి సంతోషించి, మిగిలిన నాలుగు ఛాన్సులకీ నైట్, లైట్, రైట్, సైట్ అని వేసి ఓడిపోయిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. జవాబు మైట్. హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి అదే ఆట నాలుగో ఛాన్సులో ముగించి, ఫోన్ చేసి ఎలాగో చెప్పింది.

తను వేసిన పదం ఫెర్న్స్: ఎఫ్, ఇ, ఆర్, ఎన్, ఎస్. జవాబు అది కాదని తనకి తెలుసు. కానీ ఎనిమిది మొదటి లెటర్లలో అయిదు ఆ ఒక్క మాటలో ఉన్నాయి. వాటిలో ఏదైనా పసుపు (పదంలో ఉంది, చోటు వేరు) లేదా పచ్చ రంగు చూపిస్తే జవాబు దొరికినట్టే. ఏదీ వెలగకపోతే మిగిలేవి లైట్, మైట్, టైట్ మూడే. అప్పుడు మెటల్ వేస్తే ఎమ్, ఎల్ రెండూ ఒకేసారి తేలిపోతాయి. రెండూ లేకపోతే టైట్. ఎనిమిదింటిలో ఏదైనా సరే, మూడు ఛాన్సుల్లో తేల్చేయొచ్చు. ఒక్క షరతు, ఆటలో హార్డ్ మోడ్ పెట్టుకుంటే ఇది కుదరదు. అక్కడ తేలిన లెటర్లను ప్రతిసారీ వాడి తీరాలి.

బౌండ్, ఫౌండ్, హౌండ్, మౌండ్, పౌండ్, రౌండ్, సౌండ్, వూండ్ కూడా అచ్చంగా అలాంటి గుంపే. బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్ ఇంకొకటి. మీ షేడ్, షేక్, షేల్ ఏడింటి గుంపు కూడా అదే జాతి. ఈ గుంపులు ఏవో ముందే తెలిసి ఉంటే, అందులో అడుగు పెడుతున్నామని రెండో ఛాన్సులోనే తెలుస్తుంది. జాబితా అంటూ ఏదైనా గుర్తు పెట్టుకోవాలంటే ఇలాంటి పది పదిహేను గుంపులు చాలు.

చెవి ఎంత మోసం చేస్తుందో చూడాలంటే ఓ, యు, జి, హెచ్ గుంపు చూడండి. కాఫ్, డో, రఫ్, టఫ్, బౌ. దగ్గు, పిండి ముద్ద, గరుకు, గట్టి, చెట్టు కొమ్మ. అయిదింటికీ చివరి నాలుగు లెటర్లు ఒకటే, పలకడం మాత్రం నాలుగు రకాలు. శబ్దం పట్టుకుని వెళ్తే ఈ గుంపు గుంపుగా ఎప్పటికీ కనబడదు.

గడుల గురించి నాకు బాగా పనికొచ్చిన మరికొన్ని సంగతులు. ఇంగ్లీష్ మాట చివర వి శబ్దం వస్తే దాని వెనక దాదాపు ఎప్పుడూ ఇ ఉంటుంది: కర్వ్, నెర్వ్, సాల్వ్, గ్లవ్, వాల్వ్. చివర జె లెటర్ దాదాపు రాదు, ఆ శబ్దం కావాలంటే జి, ఇ కలుస్తాయి: లార్జ్, మెర్జ్, రేంజ్. లేదా డి, జి, ఇ: జడ్జ్, బ్యాడ్జ్, హెడ్జ్. అందుకే చివర ఇ అని తేలితే ఆ గడి పలికే ఇ అయి ఉండాలని అనుకోకండి, చాలాసార్లు అది నోరు మెదపదు. మీ 26 పదాల్లో ఒక్కదాంట్లో కూడా చివరి ఇ పలకదు. ముందున్న ఎ ని సాగదీయడమే చాలావాటిలో దాని పని.

చివర వై కూడా మర్చిపోకండి. ఆ 2,315 పదాల్లో ఇ తోనో, వై తోనో ముగిసేవి మూడో వంతు దాకా ఉంటాయి. ఎ, ఇ, ఐ, ఓ, యు అయిదూ బూడిద రంగులోకి పోయాయని, అంటే పదంలో లేవని, కంగారు పడేవాళ్ళు ఉంటారు. అప్పుడు వై అచ్చు పని చేస్తుంది: క్రిప్ట్, నింఫ్, లింఫ్, ట్రిస్ట్, జిప్సీ, పిగ్మీ, గ్లిఫ్. మన చెవికి ‘ఇ’ అని వినబడుతుంది కాబట్టి మనం ఐ లెటర్ కోసమే వెతుకుతూ ఉంటాం.

ఒకే లెటర్ రెండుసార్లు రావచ్చు. ఇది తెలిసి కూడా అందరం మర్చిపోతాం. పైన చెప్పిన స్టేట్‌లో టి రెండుసార్లుంది. ఒకసారి పచ్చగా వెలిగిన లెటర్‌ని మనసు ఇక పక్కన పెట్టేస్తుంది. నాలుగో ఛాన్సు దాకా ఏమీ తట్టకపోతే, తేలిన లెటర్లనే మళ్ళీ ఖాళీల్లో పెట్టి చూడండి.

మన చదువుల వల్ల వచ్చే ఇంకో ఇబ్బంది, మనం నేర్చుకున్నది బ్రిటిష్ స్పెల్లింగ్. ఈ ఆట అమెరికాది. మనకి కలర్, ఫేవర్, హ్యూమర్, హానర్ ఆరేసి లెటర్లు. వాళ్ళు యు తీసేస్తారు కాబట్టి అయిదే. పరీక్షల్లో యు లేకుండా రాసి మార్కులు పోగొట్టుకున్న తరం మాది, ఆ పదాలు ఐదు గడుల్లో పడతాయని మాకు అసలు తట్టదు. 2022 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ ఈ ఆటను కొన్నాక జవాబుల్లోంచి కొన్ని పదాలు తీసేసింది కూడా. మీ 26లో ఉన్న స్లేవ్ అలా పోయిన వాటిలో ఒకటి, మనిషిని కించపరిచే మాటలు జవాబుగా ఉండకూడదని. తీసేయడం సబబే అనిపించింది నాకు.

జాబితా బట్టీ పట్టి గెలిచినవాళ్ళు లేరా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే, ఫ్రెంచ్ స్క్రాబుల్ పదాలు గుర్తు పెట్టుకుని 2015లో ఫ్రెంచ్ భాష ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. అది అసాధారణమైన జ్ఞాపకశక్తి, చేతులెత్తి దండం పెట్టాలి. కానీ మీ ప్రశ్నలో ఆటతో పాటు ఇంగ్లీష్ మెరుగుపడాలన్న కోరిక కూడా కనిపించింది. దానికి ఆ దారి పనికిరాదు. నేనే ఒక ఏడాది తొమ్మిదో తరగతికి వంద పదాల పట్టీ ఇచ్చి బట్టీ పట్టించాను. శుక్రవారం టెస్టులో అందరికీ మంచి మార్కులు. పది రోజుల తర్వాత అదే టెస్టు చెప్పకుండా పెడితే సగం పదాలు గల్లంతు. తప్పు పిల్లలది కాదు, నేను ఇచ్చిన పద్ధతిది.

తర్వాత ఏడాది నుంచి చేస్తున్నది ఇది. రోజుకి ఒక మూస, పది నిమిషాలు. గళ్ళ నోటుబుక్కులో అయిదు గడులు, మూడు లెటర్లు నేను ఇస్తాను, మిగతా రెండు వాళ్ళు నింపాలి. చేత్తోనే రాయాలి, ఫోన్‌లో కాదు. స్పెల్లింగ్ వేళ్ళలో కూడా ఉంటుంది. ఎన్నో పదాలకు మధ్యలో చెయ్యి ఆగిపోయి, ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది కదా, అది వేళ్ళ జ్ఞాపకమే. పది నిమిషాలయ్యాక కొత్తగా కనబడిన పదాలు రెండో మూడో తీసుకుని, వాటికి మాత్రం వాక్యాలు రాయాలి. మీ గుంపులో అయితే బహుశా స్లేక్, స్పేట్, స్టేల్ కొత్తవి. స్లేక్ అంటే దాహం తీర్చుకోవడం. స్పేట్ అంటే ఒకదాని మీద ఒకటి వచ్చి పడటం, ఊళ్ళో వరస దొంగతనాలు జరిగితే ఇంగ్లీష్ పేపర్ వాళ్ళు వాడే మాట అది, ఏటి వరదకి కూడా అదే. స్టేల్ అంటే తాజాదనం పోయింది, నిన్నటి బ్రెడ్డు. రోజుకి మూడు చొప్పున, అర్థంతో సహా వచ్చిన పదం ఎక్కడికీ పోదు.

స్క్రాబుల్ కూడా ఆడతానన్నారు కాబట్టి ఒక మాట. అక్కడ పొడుగు మీ ఇష్టం, కాబట్టి మూసలకంటే తోకలు ముఖ్యం: ఐ-ఎన్-జి, ఇ-ఆర్, ఇ-డి. వాటిని బిళ్ళలు పేర్చుకునే పలక మీద ఒక పక్కకి జరిపి ఉంచుకుని మిగతా లెటర్లు కలిపి చూడాలి. చేతిలో ఉన్న ఏడు లెటర్లూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనం. వంద బిళ్ళల్లో ఇ 12 ఉంటే ఎస్ నాలుగే ఉన్నాయి. ప్రతి మాట వెనకా ఎస్ తగిలించి సులువుగా మార్కులు కొట్టకుండా ఆ ఏర్పాటు. చేతికి ఎస్ వస్తే చిన్న మాటకి ఖర్చు పెట్టకండి. క్యూ పట్టుకుని, యు లేదని ఏడవకండి: ఫకీర్, తలాక్, నికాబ్ మూడింటినీ ఇంగ్లీష్‌లో యు లేని క్యూతో రాయొచ్చు, మూడూ ఐదు లెటర్లే, మూడూ చెల్లుతాయి. ఈ మాటలు మనకి ఎవరూ నేర్పనక్కరలేదు.

వర్డిల్‌లో మొదటి పదంగా ఏది వేయాలని కూడా అడిగారు. చాలామంది అడ్యూ (ఎ, డి, ఐ, ఇ, యు) వేస్తారు, అచ్చులు నాలుగు తేలిపోతాయని. నాకు నచ్చదు. అచ్చులు తెలిసినంత మాత్రాన పదం తెలియదు, దాని ఎముకలు హల్లుల్లో ఉంటాయి. నేను రోజూ స్లేట్‌తో మొదలుపెడతాను. ఎస్, ఎ, ఇ మూడూ వాటికి బాగా అచ్చొచ్చిన గడుల్లో ఉంటాయి, ఎల్, టి కూడా తరచూ వచ్చేవే. పైగా అక్షరాలు దిద్దిన పలక అది, దాంతో రోజు మొదలవడం నాకు ఇష్టం.

రేపటికి మీకో మూస ఇస్తున్నాను. బి, ఖాళీ, ఎ, ఖాళీ, ఇ. ముందు రెండో గడిలో ఎవరు కూర్చోగలరో చూడండి, ఇద్దరే గట్టిగా నిలుస్తారు. వాడుకలో ఉన్నవి కనీసం ఏడు రావాలి. అందులో లారీకి వేసేది ఒకటి ఎలాగూ మీకు తెలిసిపోయింది, కాబట్టి మిగిలినవి ఆరు. పది నిమిషాల తర్వాత ఎక్కడ ఆగిపోయారో రాయండి, అక్కడి నుంచి చూద్దాం.